పార్లమెంటు పీల్చిన గాలి

1834 అక్టోబర్ 16 సాయంత్రం నాలుగు గంటల వేళ ఇద్దరు పెద్దమనుషులు లండన్‌లోని ప్రభువుల సభను చూడటానికి వచ్చారు. భవనం బాగోగులు చూసే మిసెస్ రైట్ వాళ్లను లోపలికి తీసుకెళ్లింది. హాలు నిండా పొగ. గోడలకు వేలాడే పెద్ద పెద్ద నేత తెరలు కూడా సరిగా కనిపించడం లేదు. నేల సంగతి ఇంకా విచిత్రం: బూట్ల అట్టలోంచి కాళ్లకు వేడి తగులుతోంది. ఆ నేల కిందుగా కొలిమి గొట్టాలు వెళ్తాయి. ఆ కొలుముల్లో ఇద్దరు కూలీలు పొద్దుటి నుంచి చెక్క ముక్కలు తగలేస్తూ ఉన్నారు.

అవి మామూలు కట్టెలు కావు. కాగితపు రసీదులు రాకముందు ఖజానా లెక్కలు గాట్లు పెట్టి రాసుకున్న పుల్లలు. ఆ పద్ధతి రద్దయ్యాక రెండు బండ్లకు సరిపడా పాత పుల్లలు మిగిలాయి. వాటిని వదిలించుకోమని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. బయట తగలబెడితే చుట్టుపక్కల వాళ్లు గొడవ చేస్తారని సభను వెచ్చబరిచే కొలుముల్లోనే వేశారు. ఎండిన చెక్క భగభగ మండింది. గొట్టాలు ఓర్చుకోలేనంత వేడి పుట్టింది. సాయంత్రం ఆరు దాటేసరికి మంటలు బయటికి కనిపించాయి. తెల్లారేసరికి కామన్స్ సభా, ప్రభువుల సభా రెండూ పోయాయి. పాత వెస్ట్‌మిన్‌స్టర్ హాలును మాత్రం కాపాడుకోగలిగారు. 1666 నాటి మహా అగ్నిప్రమాదానికీ, రెండో ప్రపంచ యుద్ధపు బాంబులకూ మధ్య లండన్ చూసిన అతి పెద్ద మంట అదే.

ఒక దేశపు చట్టసభ తన గదిని వెచ్చబరుచుకునే ఏర్పాటు వల్లే కాలిపోయింది. ఆ గొట్టాల్లో వేడి ఎంత ఉందో కొలిచే పరికరం లేదు, కొలవమని ఎవరికీ పని అప్పజెప్పలేదు. నేల కాలుతోందని తెలిసినావిడ కూలీలకు కబురు పంపింది కానీ, ఆపమని ఆజ్ఞాపించే అధికారం ఆమెకు లేదు. ప్రభుత్వ భవనాల్లో గాలినీ వేడినీ కొలిచి, సరిచేసి, మళ్లీ కొలిచే పనికి ఒక చరిత్ర ఉంది. అందులో వెస్ట్‌మిన్‌స్టర్ అంత సుదీర్ఘంగా, అంత బహిరంగంగా పాఠాలు నేర్చుకున్న భవనం మరొకటి లేదు.

నిజానికి ఆ భవనంలో గాలి గొడవ అప్పటికి నూట యాభై ఏళ్ల నాటిది. కామన్స్ సభ్యులు కూర్చునేది సెయింట్ స్టీఫెన్స్ అనే పాత ప్రార్థనా మందిరంలో. ఇరుకు గది, కొవ్వొత్తుల వేడి, రాత్రి పొద్దుపోయేదాకా చర్చలు. సెయింట్ పాల్స్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్‌ను పిలిచి ఉపాయం అడిగారు. ఆయన పైకప్పు నాలుగు మూలలా కన్నాలు పెట్టించి, వాటిపై పిరమిడ్ ఆకారపు డబ్బాలు అమర్చాడు. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి ఆ కన్నాల్లోంచి పై గదిలోకి పోవాలి. ఆలోచన సరైనదే. కానీ పై గదిలో గాలి చల్లగా ఉన్న రోజున వ్యవహారం తలకిందులయ్యేది. చల్లగాలి బరువుగా ఉండటం వల్ల ఆ కన్నాల్లోంచే దిగి సభ్యుల తలల మీద పడేది.

1723లో జాన్ థియోఫిలస్ డెసాగ్యులియర్స్ అనే శాస్త్రవేత్తకు దీన్ని సరిచేసే పని అప్పజెప్పారు. న్యూటన్ శిష్యవర్గంలో వాడాయన. పై గదిలో చిన్న అరలు కట్టించి, వాటిలో నిప్పు పెట్టించాడు. నిప్పు వేడికి పై అరల్లో గాలి తేలికై పైకి పోతూ కింది గదిలోని గాలిని లాగాలి. లాగింది కూడా. అయితే ఆ పై గదులు మిసెస్ స్మిత్ అనే ఆవిడ అధీనంలో ఉండేవి. తన గదుల్లోకి ఎవరో వచ్చి పొయ్యిలు పెట్టడం ఆమెకు నచ్చలేదు. సభ మొదలై లోపల ఉక్క పట్టేదాకా నిప్పు రాజేయనిచ్చేది కాదు. అప్పటికి పై అరల్లో ఉన్న చల్లగాలి కిందికి దిగిపోయేది. ఏర్పాటు పనికిరాదని సభ్యులు తేల్చేశారు. ఏర్పాటులో తప్పు లేదు. దాన్ని ఎప్పుడు, ఎవరు, ఎలా నడపాలన్నది ఎవరూ నిర్ణయించలేదు, అంతే. మూడు వందల ఏళ్ల తర్వాత కూడా కోట్ల రూపాయల ఏసీ ప్లాంట్లు సరిగ్గా ఈ కారణానికే దెబ్బతింటున్నాయి.

డెసాగ్యులియర్స్ 1736లో మళ్లీ వచ్చాడు. ఈసారి ఏడడుగుల వ్యాసం ఉన్న చక్రపు ఫ్యాన్‌ను సభ పైన బిగించాడు. ఒక మనిషి పిడి పట్టుకుని తిప్పుతూ ఉంటే అది చెడుగాలిని బయటికి లాగేది, కావలిస్తే తాజాగాలిని లోపలికి తోసేది కూడా. ఎంతకాలం తిప్పాలి, ఏ వైపుకు తిప్పాలి అనేది సభాపతి చెప్పేవాడు. ఒక చట్టసభలో గాలి ప్రవాహాన్ని అప్పటికప్పుడు అవసరాన్ని బట్టి మార్చిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

ఆ పైకప్పు కన్నాలకు అనుకోని ఇంకో ఉపయోగం ఏర్పడింది. 1778 నుంచి ఆడవాళ్లను సందర్శకుల గ్యాలరీలోకి రానివ్వడం మానేశారు. రాజకీయాల మీద ఆసక్తి ఉన్న స్త్రీలు అటక ఎక్కి, షాండ్లియర్ మీదుగా వేడిగాలి బయటికి పోవడానికి కట్టిన చెక్క గూడు చుట్టూ చేరేవారు. దాని సందుల్లోంచి తల దూర్చి కింద చర్చలు వినేవారు. జైళ్ల సంస్కరణకు పాటుపడిన ఎలిజబెత్ ఫ్రై, రచయిత్రి మరియా ఎడ్జ్‌వర్త్ అలా విన్నవాళ్లే. కొవ్వొత్తుల పొగా, వందలమంది ఊపిరీ కలిసిన వేడి వాళ్ల ముఖాల మీదుగా పోయేది. సభలో ఎంత ఉక్క ఉందో సభాపతి కన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. వాళ్లను అడిగినవాళ్లు లేరు.

భవనం కాలిపోయిన ఏడాదికి, అంటే 1835లో, కొత్త సభలో గాలీ శబ్దమూ ఎలా ఉండాలో తేల్చడానికి ఎంపిక సంఘం వేశారు. దాని ముందుకు ఎడిన్‌బరో నుంచి ముప్పై ఏళ్ల యువకుడు వచ్చాడు. పేరు డేవిడ్ బాస్వెల్ రీడ్. వైద్యం చదివి, రసాయనశాస్త్రం బోధించేవాడు. ప్రయోగశాలలో వందల మంది విద్యార్థులు ఒకేసారి ఘాటైన వాయువులతో పని చేస్తుంటే వాళ్లకు ఊపిరాడేలా చూడటం ఆయన దైనందిన సమస్య. అక్కడే ఆయన పొగగొట్టంతో గాలిని లాగే ఏర్పాటు చేసుకున్నాడు. 1834లో ఎడిన్‌బరోకు వచ్చిన శాస్త్రవేత్తల మహాసభ సభ్యులు దాన్ని చూసి వెళ్లారు.

పాత ప్రభువుల సభ గోడలు నిలిచి ఉండటంతో దానికి కప్పు వేసి కామన్స్‌కు తాత్కాలిక సభగా ఇచ్చారు. 1836లో రీడ్ అందులో తన పద్ధతిని అమర్చాడు. ముందుగా బయటి గాలి ఒక పెద్ద గుడ్డ తెరలోంచి వడకట్టుకుని వస్తుంది, ఎందుకంటే లండన్ గాలి నిండా బొగ్గు మసి. తర్వాత అవసరాన్ని బట్టి వేడినీళ్ల గొట్టాల మీదుగా పోయి వెచ్చబడుతుంది. చల్లగాలినీ వెచ్చగాలినీ కలిపే గది ఉంది. అక్కడి నుంచి సభ నేలలో వేసిన వేలాది చిన్న కన్నాల్లోంచి, వాటిపై పరిచిన వెంట్రుకల తివాచీలోంచి, ఎవరికీ ఈదరగాలిలా తగలకుండా మెల్లగా పైకి వస్తుంది. సభ్యుల వేడిని తీసుకుని కప్పులోంచి బయటికి పోయి, భవనం పక్కనే కట్టిన ఎత్తైన పొగగొట్టం వైపు సాగుతుంది. ఆ గొట్టం అడుగున మండే నిప్పే మొత్తం గాలిని లాగే ఇంజను.

ఇది కట్టడం ఒక ఎత్తు. నడపడం ఇంకో ఎత్తు. రీడ్ గొప్పతనం రెండోదాంట్లో ఉంది. అప్పటి కామన్స్‌లో సభ్యులు 658 మంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. మామూలు రోజున యాభై మంది ఉన్న గదిలోకి ఓటింగ్ గంట మోగగానే నాలుగైదు వందల మంది వచ్చి పడతారు. పావుగంటలో యాభై కిలోవాట్ల హీటర్ రాజేసినట్టే. మళ్లీ అంత వేగంగానూ వెళ్లిపోతారు. అందుకని రీడ్ మనుషుల్ని పెట్టాడు. వాళ్లు సభలోని థర్మామీటర్లు చూసి, వేళకు వేళ పుస్తకంలో రాసేవారు. సభ్యుల ఫిర్యాదులు సభా అధికారుల ద్వారా కిందికి చేరేవి. సభ ఎంత నిండిందో చూసి గాలి తలుపులు తెరవడం, మూయడం, వేడి కలపడం జరిగేది. ఒకే గదిలో ఒకేసారి ఒకరికి చలి, పక్కవారికి ఉక్క అన్న సంగతిని ఆయన సాకుగా చెప్పలేదు, లెక్కలోకి తీసుకున్నాడు. పదిహేనేళ్లు ఆ సభ అలా నడిచింది. తర్వాత వచ్చిన శాశ్వత భవనంలో అవస్థ పడిన సభ్యులు ఈ తాత్కాలిక సభనే గుర్తు చేసుకున్నారు.

రీడ్ ఆ సభ కింద చేయించిన పనిని ఇవాళ ఏసీ రంగంలో టెస్టింగ్, బ్యాలెన్సింగ్ అంటున్నారు. కృష్ణా, గోదావరి డెల్టాల రైతుకు దీన్ని వివరించడం చాలా తేలిక. కాలువలో నీళ్లు వదిలితే తలాపున ఉన్న తూములు ముందు తాగేస్తాయి, చివరి ఆయకట్టు ఎండుతుంది. నీళ్లు చాలకపోవడం ఒక్కటే కారణం కాదు, పై తూములు ఎక్కువ తెరిచి ఉండటం కారణం. లస్కరు వచ్చి పై షట్టర్లు దించితేనే కింది పొలానికి పారుతుంది. డక్ట్‌లో గాలి కూడా అంతే. ఫ్యాన్‌కు దగ్గరగా ఉన్న గ్రిల్ నుంచి హోరున వస్తుంది, వరండా చివరి గదికి ఊపిరంత కూడా రాదు. చివరి గదిలో కూర్చున్న గుమాస్తా మెషిన్ చిన్నదని ఫిర్యాదు చేస్తాడు. పెద్ద మెషిన్ తెచ్చి పెడితే మొదటి గదిలో ఉన్నవాళ్లు వణుకుతారు, చివరి గది ఉక్కపోత మాత్రం పెద్దగా తగ్గదు. కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది.

రీడ్ కథ సుఖాంతం కాలేదు. 1840లో ఆయనకు మొత్తం కొత్త పార్లమెంటు భవనానికి గాలి ఏర్పాటు చేసే బాధ్యత ఇచ్చారు. భవన శిల్పి చార్లెస్ బ్యారీ. ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుందో మాత్రం ఎవరూ రాసి ఇవ్వలేదు. రీడ్ గాలి దారుల కోసం గోడల్లో, కప్పుల్లో చోటు అడిగేవాడు. భవనమంతటికీ కలిపి ఒక పెద్ద ఎత్తైన గాలి గొట్టం కావాలన్నాడు. భవనం నడిమధ్యన ఇవాళ కనిపించే 91 మీటర్ల సెంట్రల్ టవర్ ఆ కోరిక వల్లే పుట్టింది. బ్యారీకి ఇదంతా తన నకాశీని చెడగొట్టే జోక్యంగా తోచింది. డ్రాయింగులు సకాలంలో ఇవ్వడం లేదని ఒకరు, నిమిషానికో మార్పు అడుగుతున్నాడని ఇంకొకరు. చివరికి ఇద్దరూ ముఖాముఖి మాట్లాడుకోవడం మానేసి ఉత్తరాలు రాసుకున్నారు. మధ్యవర్తిని వేశారు. 1846లో పని రెండు ముక్కలైంది: ప్రభువుల సభ గాలి బ్యారీకి, కామన్స్ గాలి రీడ్‌కు. ఒకే కప్పు కింద ఒకదానితో ఒకటి కలవని రెండు పద్ధతులు తయారయ్యాయి. సెంట్రల్ టవర్‌ను అనుకున్న పనికి అనుకున్నట్టు వాడుకోనేలేదు.

1852లో కొత్త కామన్స్ సభ తెరుచుకుంది. మొదటి వారాల్లోనే ఫిర్యాదులు వెల్లువెత్తాయి. పత్రికలు రీడ్‌ను ఆటపట్టించాయి. నేల కన్నాల్లోంచి వచ్చే గాలితో బూట్ల మట్టి, దుమ్ము ముక్కులోకి వస్తోందన్నారు. ఈ ఆరోపణలో నిజం ఉంది. నేలలోంచి గాలి పంపినప్పుడల్లా తివాచీని రోజూ శుభ్రం చేయాల్సి ఉంటుంది. అది యంత్రంలో భాగమని ఎవరూ అనుకోరు. అదే ఏడాది రీడ్‌ను తొలగించారు. ఆయన మొండివాడే, కలిసి పని చేయడం కష్టమే. అయినా వెస్ట్‌మిన్‌స్టర్‌లో జరిగిన పొరపాటు ఆయన స్వభావానిది మాత్రమే కాదు. ఇల్లు కట్టేవాడికీ గాలి నడిపేవాడికీ మొదటి రోజునే ఒకే బల్ల దగ్గర కుర్చీలు వేయకపోవడం ప్రభుత్వం చేసిన తప్పు.

ఆయన పద్ధతి సరైనదేనని చూపించిన చోటు లివర్‌పూల్. అక్కడి సెయింట్ జార్జెస్ హాల్‌లో న్యాయస్థానాలూ సంగీత సభా మందిరమూ ఒకే కప్పు కింద ఉంటాయి. భవన శిల్పి హార్వే లాన్స్‌డేల్ ఎల్మెస్ రీడ్‌తో సఖ్యంగా పనిచేశాడు. ఎల్మెస్ 1847లో చిన్న వయసులోనే చనిపోయినా భవనం ఆగలేదు. 1854లో తెరుచుకుంది. ఆవిరి యంత్రంతో తిరిగే పెద్ద ఫ్యాన్లు, వేడినీళ్ల గొట్టాలు, నేల కింద మనిషి నడవగలిగేంత గాలి దారులు ఉండేవి. ఆ దారుల్లో కాన్వాసు గుడ్డ తలుపులు పెట్టారు. పనివాళ్లు తాళ్లు లాగి వాటిని తెరిచీ మూసీ కోర్టుకు ఇంత, సంగీత మందిరానికి ఇంత అని గాలి పంచేవారు. ఇవాళ్టి డక్ట్‌లో డ్యాంపర్ చేసే పని ఆనాడు ఆ గుడ్డ తలుపులు చేశాయి.

రీడ్‌కు తెలియని విషయాలూ ఉన్నాయి. చెడుగాలే రోగాలకు మూలమని ఆ తరం అంతా నమ్మింది. 1841లో ఆఫ్రికాలోని నైజర్ నదికి వెళ్లిన బ్రిటిష్ ఓడలకు ఆయన గాలిని శుద్ధి చేసే ఏర్పాట్లు అమర్చాడు. అయినా నావికులు జ్వరాలతో రాలిపోయారు. మలేరియా దోమల వల్ల వస్తుందని తేలడానికి ఇంకా అర్ధ శతాబ్దం పట్టింది. ఆ పరిశోధనకు సికింద్రాబాద్ వేదికైంది. 1897లో రోనాల్డ్ రాస్ అక్కడే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. రీడ్ 1850ల నడుమ అమెరికా వెళ్లి, ఉపన్యాసాలిచ్చి, కొంతకాలం విస్కాన్సిన్‌లో ఆచార్యుడిగా పనిచేశాడు. అంతర్యుద్ధ కాలంలో సైనిక ఆసుపత్రుల గాలిని తనిఖీ చేసే పని చేతికి వస్తున్న సమయాన, 1863లో వాషింగ్టన్‌లో చనిపోయాడు.

రీడ్‌ను తొలగించాక, 1854లో వెస్ట్‌మిన్‌స్టర్ గాలి గోల్డ్స్‌వర్తీ గర్నీ చేతికి వచ్చింది. కార్న్‌వాల్‌లో పుట్టిన వైద్యుడు, ఆవిరి బండి చేసినవాడు. 1839లోనే తన బ్యూడ్ దీపాలు మూడింటితో కామన్స్‌లోని 280 కొవ్వొత్తులను తీసివేయించిన ఘనత కూడా ఆయనదే. అన్ని కొవ్వొత్తుల వేడి పోవడం సభ్యులకు పెద్ద ఊరట. ఆయన అసలు పరీక్ష మాత్రం 1858 వేసవిలో వచ్చింది.

ఆ జూన్‌లో లండన్‌లో ఎండ 30 డిగ్రీలు దాటి మండింది. నగరపు మురుగంతా థేమ్స్‌లోకే వెళ్లేది. నది ఎండి, ఒడ్డున పెంట ఉడికినట్టు కంపు లేచింది. పార్లమెంటు ఆ నది ఒడ్డునే ఉంది. గర్నీ కిటికీలకు బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో తడిపిన తెరలు కట్టించాడు. ఆర్థికమంత్రి డిజ్రేలీ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కమిటీ గది నుంచి పరుగు పరుగున బయటికి రావడం పత్రికల్లో పడింది. సభ్యుల ఆరోగ్యానికి ఇక తాను హామీ ఇవ్వలేనని గర్నీ సభాపతికి రాశాడు. లోపల ఎన్ని తెరలు కట్టినా, ఎంత వడపోసినా, బయటి గాలే కుళ్లిపోతే భవనం ఏం చేయగలదు? జులై 15న డిజ్రేలీ మురుగునీటి బిల్లు పెట్టాడు. 18 రోజుల్లో, ఆగస్టు 2న అది చట్టమైంది. ఇంజనీర్ జోసెఫ్ బాజల్‌జెట్ నగరం కింద కట్టిన ఇటుకల మురుగు కాలువలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

అదే వేసవిలో, అదే కంపులో, ఆ సభ మన గురించి కూడా మాట్లాడింది. 1857 తిరుగుబాటు తర్వాత ఈస్ట్ ఇండియా కంపెనీ నుంచి పాలనను రాణి పేరిట తీసుకునే ఇండియా ప్రభుత్వ చట్టం చర్చకు వచ్చింది ఆ వారాల్లోనే. రాజముద్ర పడింది కూడా అదే ఆగస్టు 2న. ఉత్తర సర్కారులు, దత్త మండలాలు, నెల్లూరు, అన్నీ కంపెనీ చేతి నుంచి బ్రిటిష్ కిరీటం చేతికి మారాయి. విశాఖపట్నం నుంచి కడప దాకా కోట్లమంది జీవితాలను తిప్పిన నిర్ణయం, ముక్కులకు రుమాళ్లు కట్టుకున్న మనుషుల మధ్య జరిగిపోయింది.

గర్నీ తర్వాత లోహశాస్త్రవేత్త జాన్ పెర్సీ ఆ బాధ్యతను రెండు దశాబ్దాలకు పైగా మోశాడు. పద్ధతి మారుతూ వచ్చినా సభలో ఉష్ణోగ్రత చూసి రాసుకోవడం ఆగలేదు. రీడ్ కాలం నుంచి పోగైన ఆ రాతలూ నివేదికలూ ఎంత విలువైనవో ఇటీవలే తెలిసింది. వెస్ట్‌మిన్‌స్టర్ పునరుద్ధరణ పనుల కోసం కెంట్ విశ్వవిద్యాలయపు హెన్రిక్ షోనెఫెల్ట్ వాటిని తవ్వి తీసి, ఆ పాత గాలి దారులు ఎలా పనిచేశాయో, ఎక్కడ విఫలమయ్యాయో అధ్యయనం చేశాడు. బిగ్‌బెన్ గంట ఉన్న ఎలిజబెత్ టవర్‌లో కూడా ఒక గాలి గొట్టం ఉంది. 2017 నుంచి 2022 వరకు జరిగిన మరమ్మతుల్లో ఆ ఖాళీలోనే లిఫ్ట్ పెట్టారు.

గాలిని పంపడం ఇలా సాగుతుండగా, గాలిని నిజంగా చల్లబరచడం అమెరికాలో మొదలైంది. 1881 జులైలో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను ఒకడు కాల్చాడు. వాషింగ్టన్ ఎండలో ఆయన నెలల తరబడి మంచాన ఉన్నాడు. నౌకాదళ ఇంజనీర్లు మంచునీళ్లలో తడిసే గుడ్డ తెరల మీదుగా ఫ్యాన్‌తో గాలి తోసి ఆయన గదిలోకి పంపారు. గది దాదాపు 11 డిగ్రీలు చల్లబడింది. అందుకు రెండు నెలల్లో రెండు లక్షల కిలోలకు పైగా మంచు కరిగింది. సెప్టెంబర్‌లో ఆయన మరణించాడు. ఇవాళ ఏసీ కొనేటప్పుడు అడిగే టన్ను అన్నమాట అక్కడి మంచు లెక్కే. ఒక అమెరికన్ టన్ను మంచు ఒక రోజులో కరిగితే ఎంత వేడి పీల్చుకుంటుందో అంత, అంటే సుమారు 3.5 కిలోవాట్లు. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రెస్సు కోసం తేమను అదుపు చేసే యంత్రం గీశాడు. 1928లో అమెరికా ప్రతినిధుల సభకు, 1929లో సెనేట్‌కు ఏసీ వచ్చింది. బాంబు దాడిలో పోయిన బ్రిటిష్ కామన్స్ సభను 1950లో తిరిగి కట్టినప్పుడు ఆస్కర్ ఫేబర్ అనే ఇంజనీర్ దాని గాలి బాధ్యత తీసుకున్నాడు.

మన దగ్గర బ్రిటిష్ కాలంలో ప్రభుత్వం వేసవిని తట్టుకోలేక ఊరే మార్చేది. 1864 నుంచి సిమ్లా వేసవి రాజధాని. మద్రాసు ప్రభుత్వం ఊటీకి పోయేది. కింద మిగిలిన కలెక్టర్ కచేరీల్లో, కోర్టుల్లో వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లేవారు, పంకా తాడు లాగేవారు. గది బయట కూర్చుని రోజంతా తాడు లాగిన మనిషి చెమట మీద లోపలివారికి గాలి వచ్చింది. 1927లో ఢిల్లీలో పార్లమెంటు భవనం తెరుచుకుంది. సెంట్రల్ హాలు గోపురం అంత ఎత్తు నుంచి ఫ్యాన్లు వేలాడదీయడం కుదరదని, నేల మీద నిలబెట్టిన స్తంభాల పైన తలకిందులుగా బిగించారు. రాజ్యాంగ సభలో పట్టాభి సీతారామయ్య, దుర్గాబాయి, ఎన్.జి. రంగా కూర్చున్నది ఆ హాల్లోనే.

కొలిచి పంచే పని ప్రత్యేక వృత్తిగా స్థిరపడింది ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో. అమెరికాలో 1965లో ఒకటి, 1971లో ఇంకొకటి, రెండు సంఘాలు ఏర్పడి ఈ పనికి నియమాలు, పరీక్షలు, సర్టిఫికెట్లు పెట్టాయి. పని మాత్రం చేత్తో చేసేదే. ప్రతి గ్రిల్‌కు డిజైన్‌లో ఎంత గాలి రాశారో చూడాలి. ఎనిమోమీటరో, గ్రిల్ మీద బోర్లించే కొలత గుడారమో పెట్టి నిజంగా ఎంత వస్తోందో రాయాలి. అందరికన్నా తక్కువ వస్తున్న గ్రిల్‌ను కనిపెట్టి, దాని డ్యాంపర్ పూర్తిగా తెరిచి ఉంచి, మిగతావాటిని దాని నిష్పత్తికి తగ్గిస్తూ రావాలి. అన్నీ ఒకే నిష్పత్తికి వచ్చాక ఫ్యాన్ వేగం సరిచేస్తే అన్నిటికీ సరిపడా అందుతుంది. తర్వాత చల్లనీళ్ల గొట్టాల వాల్వులకూ ఇదే. చివరికి డ్యాంపర్ ఎక్కడ ఉండాలో పెయింట్ గుర్తు వేసి, కాగితం మీద సంతకం పెట్టాలి.

ఈ పని జరగని ఆఫీసు ఏదో ఎవరైనా గుర్తుపట్టవచ్చు. గ్రిల్‌కు అట్టముక్క అడ్డం పెట్టి టేపు వేసి ఉంటుంది, పక్క బల్ల మీద పెడస్టల్ ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది. ఆ అట్ట పెట్టినవారి తప్పేమీ లేదు. కానీ దానివల్ల ఆ గాలి ఇంకొకరి మెడ మీదికి వెళ్తుంది, వాళ్లూ ఇంకో అట్ట పెడతారు. ఏడాది తిరిగేసరికి కాంట్రాక్టర్ అప్పజెప్పిన ఏర్పాటుకూ, గదిలో ఉన్న ఏర్పాటుకూ పోలికే ఉండదు.

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ప్రభుత్వ భవనాల కాలం నడుస్తోంది. వెలగపూడి సచివాలయం, 2023 ఏప్రిల్ 30న తెరిచిన హైదరాబాద్ సచివాలయం, జిల్లాలవారీగా లేచిన సమీకృత కలెక్టరేట్లు, అమరావతిలో లేస్తున్న కట్టడాలు, అన్నింటిలోనూ సెంట్రల్ ఏసీ ఒక పెద్ద ఖర్చు. విద్యుత్ పొదుపు భవన నియమావళిని ఆంధ్రప్రదేశ్ 2014లోనే స్వీకరించింది. కేంద్ర ప్రజాపనుల శాఖ ఏసీ పనుల నిబంధనల్లో బ్యాలెన్సింగ్ స్పష్టంగా ఉంది. 2020 నుంచి గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నియమం వచ్చింది. రాతలో లోటు లేదు.

కాబట్టి అడగాల్సింది ఆ రాత అమలు గురించే. బిల్లు మంజూరు చేసే ఇంజనీరు టేబుల్ మీద ప్రతి గ్రిల్ దగ్గర కొలిచిన గాలి, ప్రతి గదిలో మే నెల మధ్యాహ్నం రాసిన ఉష్ణోగ్రత, కొలిచిన మనిషి సంతకం ఉన్న నివేదిక ఉండాలి. అది లేకుండా చివరి విడత చెల్లించకూడదు. మరుసటి వేసవిలో మనుషులతో నిండిన భవనంలో మళ్లీ ఒకసారి కొలవాలి, ఎందుకంటే ఖాళీ హాల్లో తీసిన లెక్క నిండిన హాలుకు పనికిరాదు. ఆ పని చేసే టెక్నీషియన్‌కు ప్లాంట్ రూమ్ తాళం చెవులతో పాటు డ్యాంపర్ ముట్టుకునే అధికారం కూడా రాతపూర్వకంగా ఇవ్వాలి. కలెక్టరేట్‌కు భూమి పాస్‌బుక్ కోసం వచ్చి మూడో అంతస్తు వరండా చివరన గంటల తరబడి కూర్చునే రైతుకు కూడా ఆ చల్లదనంలో వాటా ఉంది. ఆ నివేదికను సమాచార హక్కు చట్టం కింద ఏ పౌరుడైనా అడగవచ్చు. మీ ఊరి కొత్త ప్రభుత్వ భవనం గురించి అడిగి చూడండి.